మూడోది

ఒంటి మీద లోహం ఏమైనా ఉందా అని
రెండుసార్లు అడగమంటుంది రూలు.
నేను మూడుసార్లు అడుగుతాను.

ఫర్వానియాలో ఈ స్కానింగు గది
బయట యాభై డిగ్రీలున్నా దుప్పటి కప్పుకోమంటుంది.
లింబాద్రి మొలతాడు విప్పి
వెండి బిళ్ళతో సహా ట్రేలో పెట్టాడు.
బాల్కొండ దగ్గర ఊరు, ఇక్కడ క్రేను హెల్పరు.
"సార్, మా రూముల మూడు ముక్కలాటల
పదకొండు నెలల జీతం పోయింది.
గది గిట్ల మెషీన్ల కనవడ్తదా?"

కనపడదు.
రక్తం ఎటు పరుగెత్తిందో, అంతవరకే కనపడుతుంది.

గొట్టంలో, అతని కళ్ళెదుటి అద్దంలో
మూడు చక్రాలు తిరుగుతాయి.
చెర్రీ.
చెర్రీ.
మూడోది వచ్చీ రానట్టు వచ్చి
గీతకి వెంట్రుకవాసి కింద ఆగిపోతుంది.
ఓడిపోయాడు.
వారం తర్వాత లెక్కలు కట్టి చూస్తే
ఓడిన ఆ క్షణంలోనే, మెదడు లోలోపల
చింతగింజంత చోట
గెలిచినవాడి దీపం.

మధ్యాహ్నం హుసేనమ్మ.
రాయచోటి నుంచి వచ్చి పద్నాలుగేళ్ళు, సాల్మియాలో ఒక విల్లాలో వంట.
ముక్కుపుడక రావట్లేదు, సబ్బు కావాలంది.
ఇచ్చి తప్పు చేశాను.
కుళాయి దగ్గర్నుంచి ఆమెను పిలుచుకు రావడానికి
ఇరవై నిమిషాలు.
వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి, ఉల్లిపొరలా.

ఆమెకు చూపించేది చక్రాలు కాదు,
గ్యాసు పొయ్యి మీట.
ఆపి ఉన్నది. ఆపి ఉన్నది. ఆపి ఉన్నది.
"ఆపినానని నాకు తెల్సు నాయనా,
తెల్సినా మల్లా పోయి చూస్తా.
చెయ్యి నమ్మితే కన్ను నమ్మదు,
కన్ను నమ్మితే కడుపు నమ్మదు."

డాక్టర్ రబాబ్ టీ కప్పు మీద పెన్నుతో గీసింది,
నుదుటి వెనక నుంచి లోతుకి,
లోతు నుంచి మళ్ళీ నుదుటికి.
"ఇదిగో, మీ నాలుగో రింగు రోడ్డు.
అతన్ని ఆశ ఎక్కించింది, ఆమెను భయం ఎక్కించింది.
ఎగ్జిట్ బోర్డు ఇద్దరూ చదువుతారు.
స్టీరింగే తిరగదు."
ఆగి, కప్పు తిప్పి చూసుకుంది.
"అని అనుకుంటున్నాం. ఇంకా తేలలేదు."

నిజానికి నాలుగో రింగు రోడ్డు పూర్తి చుట్టు కాదు,
సగం చంద్రవంక.
నడుపుతూ పోతే ఏదో ఒక చివర సముద్రం వస్తుంది.
వీళ్ళ రోడ్డుకి సముద్రం లేదు.

ఆ నారింజ రంగు కూడా మెదడులో ఉండదు, మేం పూసిందే.
ఇరవై ఆరుగురు జూదగాళ్ళని ఒకరి మీద ఒకర్ని పరిచి
సగటు తీస్తే మిగిలిన మరక అది.
అందులో లింబాద్రి ఎక్కడున్నాడో
లింబాద్రికీ తెలియదు.

బట్టలు మార్చుకుని వచ్చి అడిగాడు,
"దొరికిందా సార్?"
ఏంటి?
"అదే. బందు చేసేది."

నేను ట్రే తుడుస్తున్నట్టు నటించాను.

వచ్చినందుకు అతనికిచ్చింది పదిహేను దినార్లు.
లిఫ్టు దాకా పోయి వెనక్కి వచ్చాడు.
"మీ దగ్గర వెట్టుండ్రి సార్.
బేస్తారం రాత్రి ఫోన్ చేస్త, ఇయ్యకుండ్రి.
కాల్మొక్కుతనన్నా ఇయ్యకుండ్రి."

గురువారం.
పదకొండింటికి ఫోను మోగింది.
పదకొండుంపావుకి మోగింది.
ఎవరి పేరో తెలిసీ ఎత్తలేదు.
లేచి వెళ్ళి గ్యాసు చూసొచ్చాను, ఎందుకో.
డ్రాయరు లాగాను.
ఐదు దినార్ల నోట్లు, మూడు.
డ్రాయరు మూశాను.

ఫోను మోగుతోంది.

తెరిచి మళ్ళీ లెక్కపెట్టాను.
ఒకటి.
రెండు.